పాతికేళ్ల ఈమెయిళ్లను వెతకడానికి వీలైన ఆర్కైవ్‌లోకి ఎక్కించడం ఎలా?

తార్నాక పాఠకుడు
శనివారం, ఉదయం 9:20

సభ్యులందరికీ నమస్కారం. 1990ల చివరలో హైదరాబాదులోని కొందరు మిత్రులు మొదలుపెట్టిన ఒక తెలుగు సాహిత్య బృందం చాలా కాలం పాటు ఈమెయిళ్ల మీదనే నడిచింది. పుస్తక సమీక్షలు, పద్యాల మీద వాదాలు, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో జరిగిన సభల విశేషాలు, నగరంలోని పాత గ్రంథాలయాల గురించిన జ్ఞాపకాలు అన్నీ ఆ ఉత్తరాలలోనే ఉన్నాయి. బృందం ఇప్పుడు దాదాపుగా నిద్రాణమై ఉంది కాబట్టి, ఉన్న ఉత్తరాలన్నిటినీ ఒకచోట చేర్చి, ఎవరైనా ఒక మాట టైపు చేసి వెతుక్కోగలిగేలా ఆర్కైవ్ తయారు చేయమని మిగిలిన నిర్వాహకులు నాకు అప్పగించారు.

సరుకు మూడు రకాలుగా నా చేతికి వచ్చింది. మొదటి నిర్వాహకుడి పాత హార్డ్ డిస్కులో ఎంబాక్స్ పద్ధతిలో ఉన్న పెద్ద పెద్ద టెక్స్ట్ ఫైళ్లు ఉన్నాయి. రెండవ నిర్వాహకురాలు అవుట్‌లుక్ వాడేవారు కాబట్టి ఆమె దగ్గర పీఎస్టీ ఫైళ్లు ఉన్నాయి. తరువాతి కాలపు ఉత్తరాలు మూడవ నిర్వాహకుడి జీమెయిల్‌లో ఒక లేబుల్ కింద ఉన్నాయి. నడుమ కొంతకాలం బృందం యాహూ గ్రూప్స్‌లో నడిచింది.

నా ప్రశ్న సూటిగా ఇది. సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం గురించి ఎప్పుడో ఒక సభ్యుడు రాసిన పెద్ద ఉత్తరం నాకు గుర్తుంది. దాన్ని ఆర్కైవ్‌లో వెతికి పట్టుకోగలగాలి. అందుకు ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి, ఏ వరుసలో పని చేయాలి?

దత్తాంశకూలి
శనివారం, ఉదయం 11:05

సాఫ్ట్‌వేర్ ఎంపిక చివరకు రావలసిన నిర్ణయం అని నా అభిప్రాయం. ముందుగా ఆ మూడు చోట్ల నుండి వచ్చిన ఫైళ్లను వచ్చినవి వచ్చినట్లుగా ఒక ఫోల్డరులో పెట్టి, ఒక్కొక్క ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే, వేలిముద్ర వంటి సంఖ్య) లెక్కించి రాసిపెట్టుకుని, ఆ ఫోల్డరును చదవడానికి మాత్రమే వీలున్నట్లుగా మార్చండి. ఇకపై చేసే ప్రతి పనీ నకళ్ల మీదనే జరగాలి. ఎందుకంటే ఎక్కించే పని ఒక్కసారితో అయ్యేది కాదు, లోపం కనిపించినప్పుడల్లా మళ్లీ మొదటి నుండి నడపవలసి ఉంటుంది.

ఎంబాక్స్ చూడటానికి అతి సులువైన పద్ధతి. ఉత్తరాలన్నీ ఒకే ఫైలులో ఒకదాని కింద ఒకటి ఉంటాయి, ప్రతి ఉత్తరం మొదట్లో 'ఫ్రమ్' అనే మాట, దాని వెనుక ఒక ఖాళీ ఉన్న పంక్తి ఉంటుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. ఉత్తరం లోపలి మాటల్లో ఏ పంక్తి అయినా అదే మాటతో మొదలైతే, దాన్ని కొత్త ఉత్తరం అనుకోకుండా ఉండటానికి ముందు ఒక బాణం గుర్తు చేర్చాలి. పాత ప్రోగ్రాములు కొన్ని ఆ గుర్తు చేర్చేవి కావు. అలాంటి ఫైలును నేరుగా ఎక్కిస్తే ఒక ఉత్తరం నడిమికి విరిగి, రెండవ ముక్క పంపినవారి పేరు గానీ తేదీ గానీ లేని అనాథ ఉత్తరంగా ఆర్కైవ్‌లో చేరుతుంది. ఈమెయిల్ బృందాలను నడిపే మెయిల్‌మ్యాన్ 2తో వచ్చే 'క్లీన్‌ఆర్చ్' అనే చిన్న ప్రోగ్రాము ఇలాంటి పంక్తులను గుర్తించి సరిచేస్తుంది.

పీఎస్టీ సంగతి వేరు. అవుట్‌లుక్ ఉత్తరాన్ని తాను అందుకున్న రూపంలో దాచుకోదు, విడివిడి లక్షణాలుగా విడగొట్టి దాచుకుంటుంది. 'రీడ్‌పీఎస్టీ' అనే ప్రోగ్రాముతో దాన్ని ఎంబాక్సుగా మార్చినప్పుడు మీకు దొరికేది మళ్లీ కూర్చిన ఉత్తరమే. అవుట్‌లుక్ 2003కు ముందరి పీఎస్టీలకు 2 జీబీ పరిమితి ఉండేది, యూనికోడ్ (అన్ని లిపులకూ ఒకే అక్షర సంకేత పద్ధతి) ఉండేది కాదు. మీ ఫైళ్లలో శీర్షికలు వరుసగా ప్రశ్నార్థకాలుగా కనిపిస్తే, ఆ తెలుగు అక్షరాలు ఆ ఫైలులోనే పోయాయని అర్థం. ఆ ఉత్తరాల నకళ్లు ఇంకొకరి దగ్గర దొరుకుతాయేమో అడగడమే మార్గం.

జీమెయిల్ విషయంలో గూగుల్ టేకౌట్ ద్వారా ఆ లేబుల్‌ను ఎంచుకుంటే ఎంబాక్స్ ఫైలే వస్తుంది. అయితే ఒక మెలిక గమనించండి. జీమెయిల్ వాడేవారు బృందానికి ఉత్తరం పంపినప్పుడు, బృందం నుండి తిరిగి వచ్చే నకలును జీమెయిల్ విడిగా చూపదు, పంపిన ప్రతినే ఉంచుతుంది. బృందపు గుర్తును బట్టి లేబుల్ తగిలించే ఫిల్టరు పెట్టి ఉంటే, మూడవ నిర్వాహకుడు స్వయంగా రాసిన ఉత్తరాలు ఆ లేబుల్ కింద ఉండకపోవచ్చు. 'పంపినవి' పెట్టె కూడా తీసుకోండి.

గ్రంథపాలకురాలు
శనివారం, మధ్యాహ్నం 12:40

దత్తాంశకూలి గారు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. ప్రతి ఉత్తరం ఎవరి సేకరణ నుండి, ఏ ఫైలు నుండి వచ్చిందో ఒక గుర్తు రూపంలో ఉత్తరంతో పాటే నిలుపుకోండి. గ్రంథాలయంలో పుస్తకం ఎలా వచ్చిందో ప్రవేశ పట్టికలో రాసే అలవాటు మాకు ఉండేది. దశాబ్దాల తరువాత సందేహం వచ్చినప్పుడు సమాధానం అక్కడే దొరికేది.

తార్నాక పాఠకుడు
శనివారం, సాయంత్రం 6:15

ఇద్దరికీ ధన్యవాదాలు. నకళ్లు తీసి, విలువలు రాసిపెట్టుకున్నాను. ఆపైన ఒక పరీక్షగా, జీమెయిల్ నుండి వచ్చిన ఎంబాక్స్ ఫైలులో 'భాషానిలయం' అనే మాట కోసం గ్రెప్‌తో (ఫైలులో మాటలు వెతికే సాధనంతో) వెతికాను. ఒక్క ఫలితమూ రాలేదు. అదే ఉత్తరాన్ని థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములో తెరిచి చూస్తే ఆ మాట స్పష్టంగా కనిపిస్తున్నది. ఫైలు దెబ్బతిన్నదా?

లిపికారిణి
శనివారం, రాత్రి 8:30

ఫైలు నిక్షేపంగా ఉంది. ఈమెయిల్ పుట్టినప్పుడు అది ఏడు బిట్ల ఆంగ్ల అక్షరాల కోసం పుట్టింది. మిగిలిన లిపులన్నీ ఆ దారిలోనే ప్రయాణించడానికి వేషం మార్చుకోవలసి వచ్చింది. 1992లో వచ్చి 1996లో సవరించబడిన మైమ్ అనే ఈమెయిల్ ప్రమాణాలు ఆ వేషాలను నిర్దేశించాయి. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు అక్షరానికి, ఒక్కొక్క గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. 'కోటెడ్ ప్రింటబుల్' అనే పద్ధతిలో ఒక్కొక్క బైటునూ ఒక సమానత్వ గుర్తు, రెండు అంకెలు లేదా అక్షరాలుగా రాస్తారు. అంటే మీకు ఒకటిగా కనిపించే గుర్తు ఫైలులో తొమ్మిది గుర్తులై ఉంటుంది, పైగా పంక్తి 76 గుర్తులు దాటకూడదు కాబట్టి మాట మధ్యలోనే విరుగుతుంది. 'బేస్64' పద్ధతిలోనైతే కంటికి అసలే చిక్కదు. శీర్షికలకు ఇంకొక ప్రత్యేక పద్ధతి ఉంది, అందులో ఒక్కొక్క ముక్క 75 గుర్తులకు మించరాదు. కొన్ని పాత మెయిల్ ప్రోగ్రాములు అక్షరంలోని మూడు బైట్ల నడుమనే ముక్క కోసేవి, అలాంటి శీర్షికలో ఒక అక్షరం చతికిలపడి ఉంటుంది.

కాబట్టి గ్రెప్ మీద ఆశ వదులుకోండి. ప్రతి ఉత్తరాన్నీ సరైన పార్సరుతో (ఉత్తరపు భాగాలను విడదీసి చదివే ప్రోగ్రాముతో) విప్పి, అక్షరాలను యూనికోడ్‌లోకి తెచ్చి, ఆ విప్పిన రూపాన్నే ఇండెక్సులోకి (ఏ మాట ఏ ఉత్తరంలో ఉందో చెప్పే పట్టికలోకి) పంపాలి. పైథాన్ భాషలో ప్రోగ్రాము రాస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. దాని 'మెయిల్‌బాక్స్' మాడ్యూలు అప్రమేయంగా (మనం ప్రత్యేకంగా కోరకపోతే) పాత అనుకూలత పద్ధతిలో ఉత్తరాలను ఇస్తుంది, శీర్షికలు విప్పి ఇవ్వదు. కొత్త 'ఈమెయిల్ పాలసీ'ని స్పష్టంగా కోరాలి. ఎంబాక్సులో 'ఫ్రమ్' ముందు చేర్చిన బాణం గుర్తులను కూడా ఆ మాడ్యూలు చదివేటప్పుడు తీసివేయదు.

పాతకాపు
ఆదివారం, ఉదయం 7:50

మీరందరూ యూనికోడ్ గురించే మాట్లాడుతున్నారు. 1990ల ఉత్తరాలలో యూనికోడ్ తెలుగు మీకు దాదాపుగా కనిపించదు. తెలుగు అక్షరాలు యూనికోడ్ ప్రమాణంలో 1991 నుండే ఉన్నా, మామూలు మనిషి కంప్యూటరులో అవి తెర మీద సరిగా కనిపించడం విండోస్ ఎక్స్‌పీ కాలానికి గానీ మొదలుకాలేదు. యూజ్‌నెట్ అనే పాత చర్చల జాలంలోని తెలుగు సంస్కృతి వేదికలో రాసిన మా తరం అంతా ఆర్టీఎస్‌లోనే రాశాము. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చిన ఆ పద్ధతిలో తెలుగును రోమన్ అక్షరాలతో రాస్తారు. చిన్న 'టీ' రాస్తే 'త', పెద్ద 'టీ' రాస్తే 'ట'. చిన్న 'డీ' రాస్తే 'ద', పెద్ద 'డీ' రాస్తే 'డ'. దీర్ఘానికి అచ్చును రెండుసార్లు రాయవచ్చు, లేదా పెద్ద అక్షరం వాడవచ్చు. ఒకే మనిషి ఒకే ఉత్తరంలో రెండు విధాలా రాసేవాడు.

మీ మొదటి నిర్వాహకుడి డిస్కులో ఉన్నది ఎక్కువ భాగం ఇదే అయి ఉంటుంది. మామూలుగా ఏ వెతుకులాట యంత్రమైనా పెద్ద, చిన్న అక్షరాల తేడాను మొదటి మెట్టులోనే చెరిపివేస్తుంది. అప్పుడు 'పాట', 'పాత' ఒకటైపోతాయి. పద్యాల మీద వాదాలు జరిగిన బృందంలో ఇది చిన్న నష్టం కాదు.

మరొక వర్గం కూడా ఉంది. 2000 తరువాత కొందరు పత్రికల అక్షరాలను, సొంత ఫాంట్లను వాడి రాసిన తెలుగును ఉత్తరంలో అతికించేవారు. ఫాంటు లేకపోతే అది లాటిన్ యాస గుర్తుల చెత్తలా కనిపిస్తుంది. వెబ్ పుటలలోని అటువంటి రాతను యూనికోడ్‌లోకి మార్చడానికి ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' అనే పొడిగింపు ఉండేది. ఉత్తరాల విషయంలో ఏ ఫాంటో ముందు ఊహించాలి.

లిపికారిణి
ఆదివారం, ఉదయం 10:10

పాతకాపు గారు చెప్పినది ఈ పని మొత్తానికి కీలకం. నేను సూచించేది ఇది: ఉత్తరాన్ని మార్చవద్దు, ఇండెక్సును మార్చండి. తెర మీద చూపేది సభ్యుడు రాసిన రాతే కావాలి. దాని వెనుక, కంటికి కనిపించని ఇంకొక అరలో, ఆర్టీఎస్ నుండి తెలుగు లిపిలోకి మార్చిన పాఠాన్ని ఉంచి రెండిటినీ ఇండెక్సు చేయండి. ఉత్తరంలోని ఆంగ్ల వాక్యాలు కూడా ఆ మార్పిడిలో పడి అర్థం లేని తెలుగుగా మారతాయి, కానీ ఆ అర ఎవరూ చదివేది కాదు కాబట్టి నష్టం లేదు. మనం తెలుగులో 'పాట' అని వెతికితే 1998 నాటి రోమన్ ఉత్తరం కూడా దొరుకుతుంది.

ఇక యూనికోడ్ ఉత్తరాలకు కూడా ఇండెక్సులో మూడు సవరణలు అవసరం. మొదటిది, ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వానికి కింద ఇంకొక గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి వేరు. ఎన్ఎఫ్‌సీ అనే యూనికోడ్ సాధారణీకరణ వీటిని ఏకం చేస్తుంది. రెండవది, 'హైదరాబాద్‌లో' వంటి మాటల్లో పొల్లు తరువాత కనిపించకుండా దాగే జీరో విడ్త్ నాన్ జాయినర్. కొందరు దాన్ని వాడతారు, కొందరు వాడరు. ఇండెక్సులో అన్నిచోట్లా దాన్ని తీసివేసి, వెతికే మాటలోనూ తీసివేయాలి. మూడవది అన్నిటికన్నా ముఖ్యమైనది, మాటలను విడగొట్టే పద్ధతి.

ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసులోని వెతుకులాట సాధనమైన ఎఫ్‌టీఎస్5ను అప్రమేయ అమరికతో వాడి చూడండి. అది అక్షరాలను, అంకెలను మాటలో భాగంగా తీసుకుంటుంది గానీ, గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను మాటల నడుమ ఖాళీగా భావిస్తుంది. 'కాలు', 'కాలం', 'కులం', 'కూలి', 'కోల' అన్నీ దాని దృష్టిలో 'క', 'ల' అనే రెండు ముక్కలే. వెతికితే ఫలితాలు వస్తాయి, అందుకే లోపం ఉందని ఎవరికీ తోచదు. పైథాన్‌లోని మామూలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో కూడా ఇదే గుణం ఉంది, వాటి మీద ఆధారపడిన వూష్ అనే ఇండెక్సు యంత్రానికీ అదే జబ్బు అంటుకున్నది. ఎఫ్‌టీఎస్5లోనైతే టోకెనైజరుకు (మాటలు విడగొట్టే భాగానికి) గుర్తుల వర్గాలను కూడా అక్షరాలుగా పరిగణించమని చెప్పే వీలు ఉంది. జాపియన్ అనే వెతుకులాట యంత్రం ఆ గుర్తులను మొదటి నుండే మాటలో భాగంగా చూస్తుంది. లూసీన్ అనే మరొక యంత్రపు 9 వరుసలో తెలుగు కోసం ప్రత్యేకమైన విశ్లేషకమే ఉంది.

తార్నాక పాఠకుడు
ఆదివారం, మధ్యాహ్నం 1:30

కళ్లు తెరిపించారు. ఒక అనుమానం. 'పుస్తకం' అని వెతికితే 'పుస్తకానికి', 'పుస్తకాలలో' కూడా దొరకాలంటే ఏమి చేయాలి? విభక్తులన్నీ మాటకు అతుక్కునే ఉంటాయి కదా.

లిపికారిణి
ఆదివారం, మధ్యాహ్నం 2:45

పూర్తి వ్యాకరణ విశ్లేషణ జోలికి పోకుండా రెండు ఉపాయాలు చాలు. తెలుగులో ప్రత్యయాలు మాట చివరనే చేరతాయి కాబట్టి మాట మొదలును బట్టి వెతికే సౌకర్యం మనకు బాగా పనికివస్తుంది. చివరి సున్నను వదిలి 'పుస్తక' వరకు రాసి, వెనుక నక్షత్రం గుర్తు పెట్టమని వాడుకరులకు చెప్పండి, లేదా మీ వెతుకు పెట్టె ఆ పని తనంతట తానే చేసేలా రాయండి.

సంధి, పద విభజన దగ్గర అది చాలదు. మీరు వెతుకుతున్న గ్రంథాలయం పేరునే చూడండి. 1901లో స్థాపించిన ఆ సంస్థ పేరును ఒకరు 'శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం' అని, ఇంకొకరు 'శ్రీ కృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం' అని, మరొకరు ఉత్త 'భాషానిలయం' అని రాస్తారు. నగరం పేరే 'హైదరాబాదు', 'హైదరాబాద్', 'హైద్రాబాదు' అని మూడు తీర్ల కనిపిస్తుంది. ఇలాంటివాటికి మూడేసి గుర్తుల ముక్కలుగా ఇండెక్సు చేసే ట్రైగ్రామ్ పద్ధతి మేలు. ఎస్‌క్యూలైట్‌లో 3.34 నుండి, అంటే 2020 చివరి నుండి అది ఉంది. ఇండెక్సు పెద్దదవుతుంది, మూడు గుర్తుల కన్నా చిన్న మాటలు అందులో దొరకవు. 'కల' వంటి రెండక్షరాల మాటల కోసం మామూలు ఇండెక్సును కూడా పక్కన ఉంచుకోవాలి.

నిజాంపేట వాసి
ఆదివారం, సాయంత్రం 5:20

ఇంత శ్రమ ఎందుకండీ? లినక్స్ కెర్నెల్ (లినక్స్ వ్యవస్థ కీలక భాగం) రాసేవారి ఉత్తరాలను భద్రపరిచే పబ్లిక్-ఇన్‌బాక్స్‌ను వాడండి. ఉత్తరాలను గిట్‌లో (ప్రతి మార్పు చరిత్రనూ నిలుపుకునే వ్యవస్థలో) దాచుకుంటుంది, జాపియన్‌తో వెతుకుతుంది, ఉత్తరం చిరునామా దాని మెసేజ్-ఐడీ (ప్రతి ఉత్తరానికీ ఉండే ప్రత్యేక గుర్తు) మీదనే ఆధారపడుతుంది కాబట్టి లింకు ఎప్పటికీ మారదు. ఎవరైనా మొత్తం ఆర్కైవ్‌ను తమ కంప్యూటరులోకి నకలు తీసుకోవచ్చు, రేపు మీ సర్వరు పోయినా ఆర్కైవ్ పోదు. యాహూ గ్రూప్స్‌కు పట్టిన గతి చూశాక కూడా ఒకే సర్వరును నమ్ముకోవడం నాకు నచ్చదు.

గ్రంథపాలకురాలు
ఆదివారం, సాయంత్రం 6:35

మీరు గుణంగా చెప్పినదే ఈ బృందానికి దోషం అవుతుందని నా భయం. కెర్నెల్ ఉత్తరాలు రాసినవారు బహిరంగ వేదికలో రాస్తున్నామని తెలిసి రాశారు. సాహిత్య బృందంలో సభ్యులు ఇంటి చిరునామా, ఫోను నంబరు సంతకం కింద రాసుకున్నారు, ఒకరి ఆరోగ్యం గురించి మరొకరు అడిగారు, కొందరు ఇప్పుడు మన మధ్య లేరు. గిట్ చరిత్రలో చేరిన ఉత్తరాన్ని తరువాత తొలగించాలంటే చరిత్రనే తిరగరాయాలి. అందుకు పరికరం ఉన్నా, అప్పటికే నకలు తీసుకున్నవారి దగ్గర అది అలాగే ఉంటుంది. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. చట్టం మాట పక్కన పెట్టినా, అడిగిన వెంటనే ఒక ఉత్తరాన్ని తీసివేయగలగడం నిర్వాహకుల మర్యాద అనుకుంటాను.

నిజాంపేట వాసి
ఆదివారం, రాత్రి 7:10

ఆ కోణం సరైనదే. అయితే మెసేజ్-ఐడీ ఆధారంగా చిరునామా ఉండాలన్న మాటను మాత్రం వదులుకోకండి, ఏ సాఫ్ట్‌వేర్ వాడినా సరే.

దత్తాంశకూలి
ఆదివారం, రాత్రి 9:00

మెసేజ్-ఐడీ మాట వచ్చింది కాబట్టి, ఉత్తరాలను ఒకటిగా కలిపేటప్పుడు ఎదురయ్యే చిక్కులను ఇక్కడే చెబుతాను.

మూడు సేకరణలలో ఒకే ఉత్తరం మూడుసార్లు ఉండటం సహజం. మెసేజ్-ఐడీ ఒకటే అయితే ఒక్క ప్రతి చాలు, కానీ ఏ ప్రతి అన్నది ఆలోచించాలి. బృందం ద్వారా వచ్చిన ప్రతిలో లిస్ట్-ఐడీ అనే హెడర్ (ఉత్తరం పైభాగంలోని వివరాల పంక్తి) ఉంటుంది. పీఎస్టీ నుండి మళ్లీ కూర్చిన ప్రతి కన్నా అది నమ్మదగినది. మెసేజ్-ఐడీయే లేని ఉత్తరాలు పాత ఫైళ్లలో కొన్ని తప్పక ఉంటాయి. వాటికి పంపినవారు, తేదీ, పాఠం మూడింటినీ కలిపి హాష్ (ఎస్‌హెచ్‌ఏ వంటి విలువ) తీసి ఐడీ తయారు చేయండి. యాదృచ్ఛిక సంఖ్య వాడితే మళ్లీ ఎక్కించిన ప్రతిసారీ ఐడీ మారిపోతుంది.

యాహూ కాలపు ఉత్తరాలలో ఇంకొక ఇబ్బంది ఉంది. యాహూ 2019 అక్టోబరులో కొత్త సామగ్రి ఎక్కించడాన్ని ఆపి, 2020 డిసెంబరు 15న సేవను పూర్తిగా మూసివేసింది. ఆ లోపు వెబ్ నుండి దింపుకున్న ఉత్తరాలైతే వాటిలో చిరునామాల రెండవ సగం చుక్కలుగా ఉంటుంది. ఇద్దరు వేర్వేరు సభ్యుల చిరునామా మొదటి సగం ఒకటే అయితే యంత్రం వారిని ఒకరే అనుకుంటుంది. సభ్యుల ఇన్‌బాక్సులో మిగిలిన ప్రతి దొరికితే దాన్నే తీసుకోండి.

డైజెస్టు రూపంలో మాత్రమే మిగిలిన రోజులు ఉండవచ్చు. రోజంతటి ఉత్తరాలను ఒకే ఉత్తరంగా కట్టి పంపడం అప్పట్లో అలవాటు. 1990 నాటి ప్రమాణం ప్రకారం కట్టినదైతే ఉత్తరాల నడుమ 30 చిన్న గీతల పంక్తి ఉంటుంది, దాని ఆధారంగా విడదీయవచ్చు. కానీ డైజెస్టుకు జవాబు రాసినవారి ఉత్తరం అసలు ఉత్తరానికి కాక డైజెస్టుకే తగులుకుని ఉంటుంది. థ్రెడ్‌లు (ప్రశ్న, దాని జవాబుల గొలుసులు) కట్టేటప్పుడు మామూలుగా రెఫరెన్సెస్, ఇన్-రిప్లై-టు అనే హెడర్లను చూసి, అవి లేనప్పుడు శీర్షికను చూస్తారు. ప్రోగ్రామరు జేమీ జావిన్‌స్కీ రాసిన పద్ధతినే చాలామంది అనుసరిస్తారు. ఇక్కడ శీర్షికలో డైజెస్టు సంఖ్య తప్ప మరేమీ ఉండదు కాబట్టి ఆ పద్ధతి చేతులెత్తేస్తుంది. అలాంటివాటిని విడి ఉత్తరాలుగా వదిలివేయడం మేలు. తప్పుడు థ్రెడ్‌లో చేర్చడం కన్నా అది నయం.

తేదీల గురించి ఒక్క మాట. కొన్ని పాత ప్రోగ్రాములు కాలమండలాన్ని అంకెలలో కాక 'ఐఎస్‌టీ' అని రాసేవి. ఆ మూడక్షరాలు ఇజ్రాయెల్‌కూ, ఐర్లండ్‌కూ కూడా చెల్లుతాయి. అందుకే ప్రమాణం ప్రకారం తెలియని పొడి అక్షరాలను గ్రీనిచ్ సమయంగానే లెక్కించాలి. దాని వలన హైదరాబాదు నుండి వెళ్లిన ఉత్తరం ఐదున్నర గంటలు ఆలస్యంగా వెళ్లినట్లు నమోదై, అమెరికా నుండి వచ్చిన జవాబు ప్రశ్న కన్నా ముందే వచ్చినట్లు కనిపిస్తుంది. గడియారం సరిగాలేని కంప్యూటరు నుండి వచ్చినవి తప్పు సంవత్సరంలోకి జారిపోతాయి. బృందపు సర్వరు చేర్చిన రిసీవ్డ్ హెడర్‌లోని సమయాన్ని సాక్ష్యంగా తీసుకుని, అసలు హెడర్‌ను ముట్టుకోకుండా, సరిచేసిన తేదీని ఇండెక్సులో మాత్రమే రాయండి.

పాతకాపు
సోమవారం, ఉదయం 8:15

వైరస్‌లను మరచిపోకండి. 2001, 2002 ప్రాంతంలో తిరిగిన క్లెజ్ వంటి పురుగులు చిరునామాల పుస్తకం నుండి ఎవరి పేరునో దొంగిలించి, ఆ పేరుతో ఉత్తరాలు పంపేవి. మీ ఆర్కైవ్‌లో గౌరవనీయులైన సభ్యుల పేర్లతో, వారు ఎన్నడూ పంపని ఉత్తరాలు ఉండే అవకాశం ఉంది. అటాచ్‌మెంట్లను క్లామ్ఏవీ వంటి వైరస్‌లు పట్టే ప్రోగ్రాముతో జల్లెడ పట్టి, పట్టుబడిన ఉత్తరాలను బహిరంగ ఆర్కైవ్‌లోకి రానివ్వకండి.

తార్నాక పాఠకుడు
సోమవారం, రాత్రి 8:40

మీ అందరి సలహాలను మా నిర్వాహకుల ముందు పెట్టాను. చర్చించి ఇలా అనుకున్నాము. ఆర్కైవ్ చదవడం అందరికీ తెరిచి ఉంటుంది, చిరునామాలు, ఫోను నంబర్లు తెర మీద కప్పి ఉంటాయి, మూల ఫైళ్లు నిర్వాహకుల దగ్గరే ఉంటాయి. అడిగిన ఉత్తరాన్ని తీసివేస్తాము. బృందాన్ని మళ్లీ నడపాలన్న ఆలోచన కూడా ఉంది కాబట్టి మెయిల్‌మ్యాన్ 3, దానితో వచ్చే ఆర్కైవ్ ప్రోగ్రాము హైపర్‌కిట్టీ వైపు మొగ్గుతున్నాము. లిపికారిణి గారు చెప్పిన వూష్ జబ్బు దీనికి ఉందా? పాత ఉత్తరాలను ఎక్కించేటప్పుడు ప్రత్యేకంగా చూసుకోవలసినది ఏమైనా ఉందా?

దత్తాంశకూలి
సోమవారం, రాత్రి 9:55

ఉంది. హైపర్‌కిట్టీ వెతుకులాటకు జాంగో హేస్టాక్ అనే పొరను వాడుతుంది. దాని వెనుక వూష్‌ను పెట్టవచ్చు, జాపియన్‌ను పెట్టవచ్చు. తెలుగు ఉత్తరాలకు వూష్‌ను ఎంచుకోకండి. జాపియన్ పెట్టి, లిపికారిణి గారి ఐదు మాటలను, ఐత్వం ఉన్న ఒక మాటను, పొల్లుతో కూడిన ఒక మాటను వెతికి చూసిన తరువాతే ముందుకు సాగండి. ఆర్టీఎస్ మార్పిడిని దాచుకునే కనిపించని అర హైపర్‌కిట్టీలో లేదు, ఇండెక్సుకు పాఠాన్ని అందించే టెంప్లేటును మీరు మార్చుకోవాలి. అది చేయలేకపోతే, చదవడానికి హైపర్‌కిట్టీని వదిలి, వెతకడానికి మాత్రం పక్కనే ఎస్‌క్యూలైట్‌తో ఒక చిన్న పుటను నడపడం నా దృష్టిలో చవకైన మార్గం.

ఎక్కించే ఆజ్ఞ ఎంబాక్స్ ఫైలును నేరుగా తీసుకుంటుంది. అయితే ఆర్కైవ్‌లో అప్పటికే ఉత్తరాలు ఉంటే, వాటిలో చివరిదాని తేదీ తరువాతి ఉత్తరాలనే తీసుకుంటుంది. పరీక్ష కోసం ఈరోజు ఒక ఉత్తరం పంపి, ఆపైన పాత ఫైలును ఎక్కిస్తే ఒక్కటీ చేరదు. 'సిన్స్' అనే ఐచ్ఛికానికి బృందం పుట్టుక కన్నా ముందరి తేదీని ఇవ్వాలి. ఎక్కించే పని, ఇండెక్సు చేసే పని వేర్వేరు. మొత్తం చేరిన తరువాత ఆ బృందానికి మాత్రమే ఇండెక్సు కట్టమనే ఆజ్ఞ వేరే ఉంది. అటాచ్‌మెంట్లు అప్రమేయంగా డేటాబేసులోనే చేరతాయి, వాటికి విడి ఫోల్డరు చూపించడం మంచిది.

తార్నాక పాఠకుడు
మంగళవారం, ఉదయం 7:30

జాపియన్ పరీక్ష నెగ్గింది. 'కులం' అడిగితే 'కాలం' రాలేదు. చివరిగా ఒకటి. మధ్యలో కొంతకాలం బృందం మెయిల్‌మ్యాన్ 2 మీద నడిచింది. దాని ఆర్కైవ్ భాగమైన పైపర్‌మెయిల్ పుటలకు కొన్ని బ్లాగుల నుండి ఇచ్చిన లింకులు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని బ్రతికించడం సాధ్యమా?

నిజాంపేట వాసి
మంగళవారం, ఉదయం 9:10

సాధ్యమే, ఆ పాత పుటల నకలు మీ దగ్గర ఉంటే. పైపర్‌మెయిల్ ఉత్తరాలకు వరుస సంఖ్యలు ఇచ్చేది, నడుమ ఒక ఉత్తరం చేరినా తీసినా మొత్తాన్ని మళ్లీ కట్టినప్పుడు సంఖ్యలన్నీ జరిగిపోయేవి. కాబట్టి ఎంబాక్స్ నుండి సంఖ్యలను తిరిగి లెక్కించాలని చూడకండి, ఆనాటి పుటల నుండే తీసుకోండి. ఒక్కొక్క పుటలోని జవాబు లింకులో ఆ ఉత్తరపు మెసేజ్-ఐడీ ఉంటుంది. మెయిల్‌మ్యాన్ 3 ఆ ఐడీకి ఎస్‌హెచ్‌ఏ-1 తీసి, బేస్32 అనే అక్షరాల పద్ధతిలో రాసి, 32 గుర్తుల చిరునామాగా వాడుతుంది. లెక్కించేటప్పుడు ఐడీకి ఇరువైపులా ఉండే కోణపు బ్రాకెట్లను తీసివేయాలి. పాత సంఖ్యకు ఎదురుగా కొత్త చిరునామా రాసిన పట్టీని తయారు చేసి వెబ్ సర్వరుకు దారిమళ్లింపుగా ఇవ్వండి. ఐడీ లేక మీరు హాష్‌తో తయారు చేసినవాటికి మాత్రం పుటలోని తేదీని, శీర్షికను చూసి చేత్తో జత కలపవలసి వస్తుంది.